అమ్మ అన్నంలో నెయ్యి వేయాలా, వద్దా?

'పెద్దల పళ్ళెం' శీర్షికకు ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు నూనె గురించీ, మతిమరుపు గురించే ఉన్నాయి. ఆసుపత్రుల్లో 31 ఏళ్లు డైటీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దదైంది. అందులో రాసింది చాలా ఇళ్లకు పనికొస్తుందని కుదించలేదు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది రాజమండ్రి. నాన్నకు 76, అమ్మకు 72. ఎనిమిదేళ్ల క్రితం నాన్నకు స్టెంట్ వేశారు. అప్పటి నుంచి ఇంట్లో నూనె దాదాపు లేదు. కూరలన్నీ ఉడకబెట్టడమే, పప్పులో తాలింపు కూడా వేయం. ఇద్దరికీ అదే వంట. ఏడాదిగా అమ్మకు మతిమరుపు పెరిగింది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతోంది, అడిగిన మాటే గంటలో నాలుగుసార్లు అడుగుతోంది. 47 కిలోలు ఉండేది, ఇప్పుడు 41. షుగర్‌కి పన్నెండేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. మేం శాకాహారులం. డాలస్‌లో ఉన్న తమ్ముడు "మెదడంతా కొవ్వే. మీరు నూనె మాన్పించి అమ్మ మెదడు ఎండగట్టారు" అంటున్నాడు. రోజూ పరగడుపున రెండు చెంచాల కొబ్బరినూనె తాగించమని సీసాలు పంపాడు. నాన్నేమో నూనె సీసా ఇంట్లోకి తేవద్దంటున్నారు. మధ్యలో నాకు టెన్షన్‌గా ఉంది. అసలు అమ్మ అన్నంలో నెయ్యి వేయాలా, వద్దా?

జవాబు: వెయ్యి తల్లీ. వేడి అన్నంలో ఒక చిన్న చెంచా నెయ్యి ఈ పూటే వెయ్యి.

కానీ నీ ఉత్తరం చదివాక నన్ను పట్టుకున్నది నెయ్యి సంగతి కాదు. 47 కిలోల మనిషి ఏడాదిలో 41 అయింది. అంటే ఒంటి బరువులో ఎనిమిదో వంతు పోయింది. డెబ్బై దాటిన మనిషి తనంతట తాను ఇంత బరువు తగ్గితే వంట మార్చి ఊరుకోకూడదు, డాక్టర్‌కి చూపించాలి. మతిమరుపు జబ్బు బయటపడక ముందే బరువు తగ్గడం మొదలయ్యేవాళ్లు కూడా ఉంటారు. థైరాయిడ్, దిగులు, పళ్ల బాధ, లోపల ఇంకేదైనా జబ్బు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. నూనె విషయంలో తమ్ముడిదీ నాన్నగారిదీ వాదన తేలేదాకా ఈ పని ఆపకు. ఈ వారంలోనే తీసుకెళ్లు.

వెళ్లినప్పుడు డాక్టర్‌కి రెండు మాటలు తప్పకుండా చెప్పు. అమ్మ శాకాహారి. పన్నెండేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతోంది. మెట్‌ఫార్మిన్ ఎక్కువ కాలం వాడితే ఒంట్లో బి12 విటమిన్ తగ్గవచ్చు. ఆ విటమిన్ మనకు దొరికేది జంతువుల నుంచి వచ్చే ఆహారంలోనే. శాకాహారులకు తిండిలో పాలు, పెరుగు తప్ప వేరే దారి దాదాపు లేదు. బి12 తగ్గితే మతిమరుపు, అరికాళ్ల తిమ్మిర్లు, నీరసం, నడకలో తూలడం వస్తాయి. ఇది రక్తపరీక్షతో తెలుస్తుంది, మాత్రలో ఇంజెక్షన్లో ఇచ్చి సరిచేయవచ్చు. అంతేకానీ మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపేయకండి. బి12తోపాటు థైరాయిడ్, రక్తంలో సోడియం కూడా చూడమని అడుగు. నూనె మానేసిన ఇళ్లలో ఉప్పు కూడా బాగా తగ్గిస్తుంటారు. దానికి బి.పి. మాత్రలు తోడై సోడియం పడిపోతే పెద్దవాళ్లు అయోమయంగా మాట్లాడతారు. ఆమెకు చెవులు సరిగ్గా వినిపిస్తున్నాయా, రాత్రి నిద్ర పడుతోందా, ఇవి కూడా గమనించి చెప్పు. జ్ఞాపకశక్తి పరీక్షలు తెలుగులో ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి వివిధ భాషల్లో తయారు చేయించిన వాటిలో తెలుగు ఒకటి. అమ్మకు రాని ఇంగ్లిష్‌లో ప్రశ్నలడిగి మార్కులు తగ్గాయంటే ఒప్పుకోవద్దు.

ఇక తమ్ముడి మాట. నీళ్లు తీసేసి తూస్తే మెదడు బరువులో సుమారు 60 శాతం కొవ్వు పదార్థమే. ఆ సంగతి నిజమే. అయితే మనం తిన్న నెయ్యో కొబ్బరినూనో నేరుగా వెళ్లి అక్కడ పేరుకోదు. మెదడులో కొలెస్ట్రాల్ చాలా ఉంటుంది, కానీ రక్తంలోని కొలెస్ట్రాల్ మెదడులోకి పోకుండా రక్తనాళాల గోడల్లోనే ఒక అడ్డు ఉంది. తనకు కావాల్సింది మెదడే తయారు చేసుకుంటుంది. కాబట్టి మీరు నూనె తగ్గించి అమ్మ మెదడు ఎండగట్టారన్న నింద నీ నెత్తిన వేసుకోకు. తమ్ముడు దూరంగా ఉన్నాడు, అమ్మ గురించి భయం, ఆ మాట భయంలోంచి వచ్చింది.

మెదడుకు బయటి నుంచి రావాల్సిన కొవ్వు ఒకటి ఉంది. దాని పేరు డి.హెచ్.ఎ., ఒమేగా-3 కుటుంబంలోది. సముద్రపు చేపల్లో బాగా దొరుకుతుంది. శాకాహారంలో దాని ముడిసరుకు అవిసె గింజల్లో, ఆవనూనెలో, అక్రోట్లలో ఉంటుంది. ఒంట్లో అది డి.హెచ్.ఎ.గా మారేది కొంచెమే. ఆ కొంచెం కూడా మీ ఇంట్లో ఎనిమిదేళ్లుగా లేదని నీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది.

కొబ్బరినూనె సంగతి. అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు వచ్చిన మెదడు గ్లూకోజ్‌ను సరిగా వాడుకోలేదు, అప్పుడు కీటోన్లు అనే వేరే ఇంధనం అందిస్తే మంచిదన్న ఆలోచన నుంచి ఈ ప్రచారం పుట్టింది. ఆలోచనలో తప్పు లేదు. కానీ కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం కీటోన్లను పెద్దగా పెంచదు. కొబ్బరినూనె తాగితే జ్ఞాపకశక్తి తిరిగి వస్తుందని గట్టి పరీక్షల్లో రుజువు కాలేదు. అందులో దాదాపు 90 శాతం సంతృప్త కొవ్వు, ఎల్.డి.ఎల్. అనే చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది. షుగర్ ఉన్న మనిషికి రోజూ పరగడుపున అది తాగించమని నేను చెప్పను. తమ్ముడు పంపిన సీసాలు తలకు వాడుకోండి. కోనసీమ నుంచి వచ్చిన కొబ్బరికాయతో పచ్చడి చేసుకుంటే మాత్రం నాకేం అభ్యంతరం లేదు.

నాన్నగారికి కూడా ఒక మాట చెప్పాలి. స్టెంట్ వేసిన డాక్టర్ కొవ్వు తగ్గించమని ఉంటారు, నూనె చుక్క ముట్టవద్దని అని ఉండరు. గుండె జబ్బున్న వాళ్లకు నెయ్యి, వెన్న, వనస్పతి, పామాయిల్ లాంటివి తగ్గించి, వాటి స్థానంలో మామూలు వంటనూనెలు కొలతగా వాడమనే సలహా ఇస్తారు. ఆ 'కొలతగా' అన్నది మన ఇళ్లలో 'పూర్తిగా' అయిపోతోంది.

ఇది నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనే ఆ పని చేశాను. 1996లో మా నాన్నగారికి 74 ఏళ్లు. బడిపంతులుగా రిటైరయ్యారు. కొలెస్ట్రాల్ 240 వచ్చిందని నేనే చార్ట్ రాసి వంటింటి గోడకు అంటించాను. నెయ్యి లేదు, తాలింపు లేదు, వేరుశనగపప్పు లేదు, పెరుగు బదులు పల్చటి మజ్జిగ. ఆసుపత్రిలో అందరికీ ఇచ్చే చార్ట్ అదే. ఆయన ఏమీ అనలేదు. మూడు నెలలకు ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలేవారు. "అన్నం నోట్లో తిరగట్లేదమ్మా" అన్నారొకసారి. ఏడాదికి చొక్కాలు వదులైపోయాయి. మా అమ్మ నాకు తెలియకుండా పప్పులో ఇంగువ తాలింపు వేయడం మొదలుపెట్టింది, ఆయన తిరిగి తినడం మొదలుపెట్టారు. ఆ ఏడాది ఆయన కోల్పోయిన కండ తిరిగి రాలేదు. నేను కొలెస్ట్రాల్ అంకె చూశాను, పళ్ళెం చూడలేదు. ఆ తర్వాత డెబ్బై దాటిన ఎవరికి చార్ట్ రాసినా ముందు బరువు అడిగేదాన్ని.

వయసు పెరిగితే వాసన, రుచి తగ్గుతాయి. తాలింపు వాసన రాకపోతే ఆకలి కూడా లేవదు. పెద్దవాళ్లు తినేదే రెండు గరిటెల అన్నం, అందులో కొవ్వు లేకపోతే కేలరీలు ఎక్కడ నుంచి వస్తాయి? ఆకుకూరల్లోని విటమిన్ ఎ, కె లాంటివి ఒంటికి పట్టాలన్నా కాస్త నూనె కావాలి. ఉడకబెట్టిన తోటకూర నుంచి మీరు అనుకున్నంత లాభం రావడం లేదు.

కొవ్వు బాగా తగ్గిస్తే మెదడుకు మంచిదా అన్నదానికి స్పెయిన్‌లో చేసిన పరీక్ష ఒకటి చెబుతాను. బార్సిలోనాలో సగటున 67 ఏళ్ల వయసున్న, గుండెజబ్బు ముప్పు ఉన్న 447 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఇంటికి వారానికి లీటరు ఆలివ్ నూనె ఇచ్చారు. రెండో గుంపుకు రోజుకు 30 గ్రాముల అక్రోట్లు, బాదం లాంటి గింజలు. మూడో గుంపుకు కొవ్వు తగ్గించి తినమని సలహా. నాలుగేళ్ల తర్వాత చూస్తే జ్ఞాపకశక్తి, ఆలోచన పరీక్షల్లో వెనకబడింది మూడో గుంపే. 2015లో ఆ ఫలితాలు వచ్చాయి. ఇది చదివి ఆలివ్ నూనె కొనడానికి పరుగెత్తకు. 2023లో అమెరికాలో 604 మంది పెద్దవాళ్ల మీద మూడేళ్లు జరిగిన ఇంకో పరీక్షలో, మెదడు కోసమే రూపొందించిన ఆహారం తిన్నవాళ్లకూ మామూలుగా తిని బరువు తగ్గినవాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి తిండితో మతిమరుపు మాయమవుతుందని ఎవరు చెప్పినా నమ్మకు. మెదడుకు వెళ్లే రక్తనాళాలు, గుండెకు వెళ్లేవి ఒకే రకం గొట్టాలు. గుండెకు మంచి చేసే కొవ్వు ఏదో అదే మెదడుకూ మంచి చేస్తుందన్న మాట మీద నేను నిలబడతాను. అందుకే మీ ఇంట్లో ఇద్దరికీ ఒకే వంట సరిపోతుంది.

ఎలాగో చెబుతాను. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల పళ్ళేనికి రోజుకు 27 గ్రాముల నూనె లెక్క వేసింది. మీ అమ్మా నాన్నా అంత తినరు కాబట్టి ఒక్కొక్కరికి నాలుగు చిన్న చెంచాలు అనుకో. అమ్మ నెయ్యి చెంచా పోగా ఇద్దరికీ నెలకు సుమారు లీటరు నూనె. ఒకటో తారీఖున ఆ మాత్రమే కొని నాన్నగారి చేతికివ్వు, సీసా ఆయన కళ్ల ముందే ఉంటుంది, ఎంత వాడారో ఆయనకే తెలుస్తుంది. ఒక నెల వేరుశనగ నూనె, ఒక నెల నువ్వుల నూనె, తవుడు నూనె కూడా మంచిదే. పప్పులో, కూరలో తాలింపు ఇద్దరికీ. నెయ్యి మాత్రం అమ్మ పళ్ళెంలోనే, అదీ ఒక చెంచా, ఆ నాలుగు చెంచాల్లో భాగంగానే. అమ్మ పరీక్షల్లో కొలెస్ట్రాల్ బాగా ఎక్కువని తేలితే ఆ చెంచా గురించి డాక్టర్‌ని అడుగుదువుగాని.

దీనికి తోడు ఒక కారప్పొడి. రెండు పాళ్లు అవిసె గింజలు, ఒక పాలు నువ్వులు, ఎండుమిర్చి, జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కాస్త ఉప్పు. (అవిసె అంటే పెరట్లో పెరిగే అవిసె చెట్టు కాదు, గోధుమరంగులో మెరిసే నూనెగింజ. ఈ రెండింటి మధ్య తికమకతో నాకు ఏటా నాలుగైదు ఉత్తరాలు వస్తాయి.) గింజలు చిటపటలాడగానే దించెయ్యి, మాడనివ్వకు. తప్పకుండా పొడి చెయ్యాలి. గింజ గింజగా మింగితే అరక్కుండా బయటికి పోతుంది. పదిరోజులకు సరిపడా మాత్రమే కొట్టుకో, నిల్వ ఉంటే పాత నూనె వాసన వేస్తుంది. అమ్మకు మొదటి ముద్ద ఈ పొడి, నెయ్యితో కలిపి పెట్టు. సాయంత్రం రెండు అక్రోట్లు, గుప్పెడు వేయించిన వేరుశనగపప్పు. పళ్లు సరిగ్గా లేకపోతే పొడి చేసి పెరుగులో కలుపు. షుగర్ మాత్రలు వాడుతోంది కాబట్టి భోజనం వేళలు తప్పనివ్వకు.

బి12 ఫలితం రాగానే నాకు రాయి. బరువు కూడా ప్రతి ఆదివారం ఒకే వేళకు తూచి రాసి ఉంచు.

ప్రశ్న: నాకు 68. విశాఖలో ఉంటాం. వారానికి మూడు నాలుగు రోజులు చేపల వేపుడు తింటాను, ఎక్కువగా వంజరం. జ్ఞాపకశక్తికి మంచిదని మిత్రుడు ఒమేగా-3 క్యాప్సూల్స్ వాడమంటున్నాడు. వాడాలా?

జవాబు: అన్నయ్యగారూ, హార్బర్ ఊళ్లో ఉండి క్యాప్సూల్ కొనడం నాకు నచ్చలేదు. మెదడుకు కావాల్సిన కొవ్వు విషయంలో ఖరీదైన చేపే గొప్పదని అనుకోవద్దు. కానాగంతలు, కవ్వళ్ళు లాంటి చవకైన, నూనె కారే సముద్రపు చేపల్లో ఒమేగా-3 దండిగా ఉంటుంది. చెరువుల్లో పెంచే బొచ్చె, శీలావతిలో అంత ఉండదు. వారానికి రెండుసార్లు చాలు.

అసలు చిక్కు వేపుడు దగ్గర ఉంది. నూనెలో ముంచి వేయిస్తే చేపలోని కొవ్వు కొంత బయటికి పోతుంది, బయటి నూనె లోపలికి వస్తుంది. చేపలు తినేవాళ్లను గమనించిన అధ్యయనాల్లో మేలు కనిపించింది ఉడికించి, కాల్చి తిన్నవాళ్లలో, వేపుడు తిన్నవాళ్లలో కాదు. కానాగంతల పులుసు పెట్టించుకోండి. చింతపండు పులుసులో ఆ చేప ఎంత బాగుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

క్యాప్సూల్ కొంటే డబ్బా వెనక చదవండి. ముందు 1000 మిల్లీగ్రాములని పెద్ద అక్షరాలతో ఉన్నా, మామూలు వాటిలో అసలు ఒమేగా-3 సుమారు 300 మిల్లీగ్రాములే ఉంటుంది. అల్జీమర్స్ వచ్చిన 402 మందికి రోజుకు 2 గ్రాముల డి.హెచ్.ఎ. పద్దెనిమిది నెలలు ఇచ్చి చూస్తే జబ్బు వేగం తగ్గలేదని 2010లో తేలింది. పెద్ద మోతాదుల్లో వాడితే కొందరికి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టవద్దు. అసలు చేప కూడా ఈ కొవ్వును చాలావరకు సొంతంగా చేసుకోదు. సముద్రంలో కంటికి కనపడని నాచు నుంచి అందుకుంటుంది. అందుకే ఆ నాచుతో చేసిన క్యాప్సూల్స్ శాకాహారులకు దొరుకుతున్నాయి.

ప్రశ్న: కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటే మతిమరుపు వస్తుందని విని మా అన్నయ్య (61) మాత్ర ఆపేశాడు. సరైనదేనా? (కరీంనగర్ నుంచి ఒక చెల్లెలు)

జవాబు: కాదమ్మా, ఈరోజే డాక్టర్‌తో మాట్లాడండి. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలతో అరుదుగా కొందరికి మరుపు అనిపించిందని, ఆపితే తగ్గిందని 2012లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ మందు చీటీ మీద రాయించింది. అక్కడి నుంచి ఈ భయం పాకింది. వేలమంది మీద జరిగిన పరీక్షల్లో ఈ మాత్రలు జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తాయని తేలలేదు. పైగా మతిమరుపు జబ్బుల మీద లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో, నడివయసులో ఎల్.డి.ఎల్. ఎక్కువగా ఉండటాన్ని ఆ జబ్బు ముప్పు పెంచే 14 కారణాల్లో ఒకటిగా చేర్చింది. మీ అన్నయ్యకు నిజంగా తేడా అనిపిస్తే డాక్టర్‌కి చెబితే మోతాదో, మాత్రో మారుస్తారు.

ప్రశ్న: నాకు 74. పిల్లలు ఆవకాయ జాడీ దాచేస్తున్నారు. నూనె ఎక్కువ, మతి పోతుందంటున్నారు. నేను ఎంతవరకు తినవచ్చు? (నిజామాబాద్ నుంచి)

జవాబు: అక్కయ్యగారూ, మీ అక్షరాలు ఎంత పొందికగా ఉన్నాయో చూశాక ముందు మీ పిల్లలకే రాయాలనిపించింది. ఆవకాయలో నూనె భయపడాల్సింది కాదు, నువ్వుల నూనె మంచి నూనే. చూసుకోవాల్సింది ఉప్పు. రోజంతా కలిపి ఉప్పు ఒక చిన్న చెంచా, అంటే 5 గ్రాములు దాటకూడదు. ఉప్పు పెరిగితే బి.పి. పెరుగుతుంది, బి.పి. మెదడులోని సన్నని రక్తనాళాలను దెబ్బతీస్తుంది. కాబట్టి ఆవకాయ తిన్న పూట కూరలో ఉప్పు సగం వేయించండి, అప్పడం వద్దు. ఒక చిన్న ముక్క, దాని చుట్టూ ఉన్న పిండి, రోజుకు ఒకసారి. బి.పి. మాత్ర వాడుతుంటే నెలకోసారి చూపించుకోండి.

జాడీ మీ చేతికి అందేచోటే పెట్టుకోండి. అందులో చెంచా మాత్రం చిన్నది వేసి ఉంచండి.